ఎర్రబూజు కోసం నాంపల్లికి

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళంతా ముందు అడిగేది చార్మినారు గురించే. నేను చార్మినారు చూడలేదు. గోల్కొండా చూడలేదు. పదమూడు రోజులు ఆ మహానగరంలో ఉండి బూజు చూసి వచ్చాను. అందులో సగం రోజులు నేను చూస్తున్నది ఎవరి బూజో నాకే తెలియలేదు. ఇంతకంటే తెలివైన యాత్రికుడు కావాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు మా మాస్టారి సంగతి చెప్పాలి. సోమయాజులు మాస్టారు రాజమండ్రిలో మా కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. నేను ఆయన దగ్గర డిమాన్‌స్ట్రేటరుని. అంటే ఆయన పాఠం చెబుతుంటే నేను గాజుపలకలు తుడుస్తాను. యుద్ధం రోజుల్లో ఎలాగో చేతికందిన ఒక విదేశీ పత్రికలో ఆయన రొట్టె మీద పట్టే నారింజరంగు బూజు గురించి చదివారు. ఆ బూజులో రెండు తెగలున్నాయి. కంటికి రెండూ ఒక్కటే. ఆడా కాదు, మగా కాదు. ఏ తెగకా తెగ విడిగా ఉంటే ఎన్నేళ్ళైనా తన పొడి రాల్చుకుంటూ తనలాంటిదాన్నే పెంచుకుంటూ పోతుంది. రెండో తెగ తగిలిందా, ఇక నల్లటి గింజలు కడుతుంది. ఆ గింజలో సన్నటి సంచులు, ఒక్కో సంచిలో పెసరకాయలో గింజల్లా వరసగా ఎనిమిది విత్తనాలు. నాలుగు ఒక తెగవి, నాలుగు రెండో తెగవి. బిడ్డకు తల్లి పోలిక వచ్చిందా తండ్రి పోలిక వచ్చిందా అని మన ఇళ్ళల్లో ముసలమ్మలు మూడు తరాలు వాదించుకునే సంగతిని ఈ బూజు మూడు వారాల్లో వరసపెట్టి చూపిస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, మా వైపు బూజంతా ఒకే తెగ. రాజమండ్రి రొట్టె, కాకినాడ రొట్టె, ఏలూరు రొట్టె, అన్నీ పెట్టి చూశాం. దేనికి దేన్ని జతచేసినా నల్లగింజ కట్టదు. గోదావరి గట్టు మీది బూజూ దక్కను రాళ్ళ మీది బూజూ ఏనాడో ఒక్క తాత బిడ్డలే అయితే, ఇన్నేళ్ళ ఎడబాటులో ఎంత వేరుపడ్డాయో చూడాలని మాస్టారి కోరిక. అది తీరాలంటే దూరపు బూజు కావాలి.

ఇక రెండో సంగతి. మాస్టారికి నీటికాసులు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఈ ఏడాది గడవదని డాక్టరు చెప్పాడు.

“ఏమోయ్, చూపు ఉండగా ఆ ఎనిమిదీ నాకొకసారి చూపించు,” అన్నారు నాతో. “ఆ తరవాత నువ్వేం చెప్పినా నమ్ముతాను. ఒక్కసారి మాత్రం నా కంటితో చూడాలి.”

యుద్ధం ముగిసిన మరుసటేడు, శ్రావణమాసంలో, మూడు గాజుగొట్టాల్లో మా ఊరి బూజూ ఇరవై ఖాళీ గొట్టాలూ పెట్టెలో సర్దుకుని బయలుదేరాను.

సరిహద్దు

బెజవాడ దాటి నిజాం రాజ్యంలో అడుగుపెట్టగానే ఒక స్టేషన్లో సుంకం వాళ్ళు ఎక్కారు. అక్కడ దాన్ని కరోడ్‌గిరీ అంటారు. మీసాల ఉద్యోగి ఒకాయన నా పెట్టె తెరిచి, దూదితో బిరడా పెట్టిన గొట్టం ఒకటి పైకి తీశాడు.

“ఏంది గిది? అత్తరా, మందా?”

“బూజండీ.”

“బూజా? బూజును ఎవడన్న పెట్టెల పెట్టుకొని తెచ్చుకుంటడా?” అని, నేను వద్దనేలోగా దూది పీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని గట్టిగా తుమ్మాడు. గొట్టంలోని నారింజపొడి సగం లేచి నా నల్లకోటు మీద పడింది. రైలుపెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు.

“పో, తీసుకపో. గిసుంటిది సర్కారుకు అక్కర్లేదు,” అని గొట్టం నా చేతిలో పెట్టాడు.

కోటు దులుపుకున్నాను. అప్పుడు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. నేను చేయలేదు. అదేమిటో వారం తరవాత ఒక పెద్దావిడ చెబితే గాని తెలియలేదు.

నాంపల్లి

నాంపల్లి స్టేషనుకు నర్సింగరావు వచ్చాడు. ఒకప్పుడు మా మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు నాంపల్లిలోనే బడిపంతులు. తల్లి రాధాబాయమ్మ, తను, ఇద్దరే. స్టేషనుకు నాలుగడుగుల్లో కిరాయి ఇల్లు.

మొదటి రోజు నుంచే నాకు అన్నీ తికమకే. చేతిలో ఉన్న రూపాయిని వాళ్ళు కల్దారు అంటారు. వాళ్ళ రూపాయి హాలీ. మన రూపాయి ఇస్తే వాళ్ళ రూపాయీ, మీద రెండణాల చిల్లరా వస్తాయి. ఆ చిల్లర చూసి లాభం వచ్చిందని సంతోషించాలో, ఏదో మోసం జరిగిందని బాధపడాలో చివరిదాకా తేల్చుకోలేకపోయాను. ఆదివారం సర్కారు కచేరీలు తెరిచే ఉంటాయి, శుక్రవారం మూస్తారు. గొట్టం మీద చీటీ అంటించడానికి తేదీ చూద్దామని ఒక దుకాణంలో కాలెండరు వైపు తిరిగితే, అది ఫసలీ లెక్క. నెల పేరు నేనెన్నడూ విననిది, సంవత్సరం మన లెక్కకు సుమారు ఆరువందల ఏళ్ళు తక్కువ. చీటీల మీద మన తేదీయే రాసుకుని, రాసింది నిజమేనా అని ప్రతిసారీ నర్సింగరావును అడిగేవాణ్ణి.

రాధాబాయమ్మ పెట్టే భోజనం మాత్రం తికమక లేనిది. పగలు అన్నం, పచ్చిపులుసు. సాయంత్రం జొన్నరొట్టె, వెల్లుల్లికారం. అన్నం లేకుండా రాత్రి గడవని గోదావరివాణ్ణి, మూడో రోజుకల్లా మూడో రొట్టె అడిగాను.

ఆవిడ ఇంట్లో కట్టుబాటు ఒకటే. బయట తిరిగిన బట్టలతో వంటింటి గడప తొక్కకూడదు. నా కోటుకి వసారాలో ఒక మొల చూపించింది. బేకరీ రొట్టెకి ఆ చోటు కూడా లేదు. “అండ్ల గుడ్డు కలుపుతరంట. గా డబల్ రొట్టె నీ అర్రలనే ఉండాలె బిడ్డా,” అంది. నా గది కిటికీయే దాని స్థానమైంది.

అబిడ్స్

అబిడ్స్‌లో ఇరానీ హోటలు చూడటం నాకు కొత్త. చలవరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు, ఒకే బల్ల చుట్టూ షేర్వానీ, ధోవతి, సైకిలు తొక్కి చెమటపట్టిన చొక్కా. మా ఊరి కాఫీ హోటళ్ళలో బ్రాహ్మలకు వేరే గది ఉంటుంది. ఇక్కడ అలాంటి గది కోసం వెతికి, లేదని తెలిశాక ఎక్కడ కూర్చోవాలో తోచక కాసేపు నిలబడ్డాను. చాయ్ అణా. సాసరులో పోసుకుని తాగుతారు. పక్కనిచ్చే బిస్కెట్టు ఉప్పగానూ ఉంటుంది, తియ్యగానూ ఉంటుంది.

ఆ హోటలు వెనకే దాని బేకరీ. యజమాని ముసలి ఇరానీ. నర్సింగరావు బడికి వెళ్ళిపోవడంతో నేనే ధైర్యం చేసి, వచ్చీరాని హిందీలో, బూజుపట్టిన రొట్టె ఉంటే ఇవ్వమని అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది. నన్ను మునిసిపాలిటీ తనిఖీ మనిషి అనుకున్నాడు. లోపలికి వెళ్ళి పొగలు కక్కే రొట్టె ఒకటి తెచ్చి నా ముక్కు కింద పెట్టి, “తాజా. బూజు లేదు సాబ్. ఖసమ్,” అన్నాడు. గోధుమపిండి రేషను మీద దొరికే ఏడాది అది. రొట్టెకి బూజు పట్టేదాకా ఉంచుకునే పిచ్చివాడెవడు? నాకా ఆలోచన రాజమండ్రిలో రాలేదు.

సాయంత్రం నర్సింగరావు వచ్చి ఉర్దూలో సర్దిచెప్పాడు. పాత బూజేదైనా చచ్చేలా ఆవిరిపట్టి చల్లార్చిన రొట్టెముక్కలు నావే, అక్కడి గాలిలోని బూజు పట్టడానికి బేకరీలో ఒక మూల అలమర మాత్రం వాళ్ళది అని ఒప్పందం. నాంపల్లి స్టేషను ఎదురుగా ఉన్న ఇంకో బేకరీలోనూ అలాగే పెట్టాం. మిగిలినవి నా గది కిటికీలో.

మూడో రోజు పొద్దున చూస్తే మూడుచోట్లా నారింజరంగు. మెత్తగా, దూదిలా, వేలు తగిలితే పొడి రాలేలా. నా ఆనందం ఇంతా అంతా కాదు. అప్పటికప్పుడు అన్నిట్నీ మా ఊరి బూజుతో జతచేసి గొట్టాల్లో పెట్టాను. పెట్టిన చేత్తోనే మాస్టారికి ఉత్తరం రాశాను, “దొరికింది, తెస్తున్నాను” అని. ఉత్తరం వేయడానికి కూడా అక్కడ ఒక తిప్పలుంది. నిజాం తపాలాబిళ్ళ అంటిస్తే అది నిజాం సరిహద్దు దాటదు. మన బిళ్ళ అమ్మే పోస్టాఫీసు వేరు. అదెక్కడుందో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. ఆ పూట వెతికి దొరక్కపోయినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

శుక్రవారం

నల్లగింజలు కట్టడానికి వారం పైన పట్టాలి. రోజూ పొద్దున్నే భూతద్దంతో చూస్తాను. ఏమీ ఉండదు. ఆ శుక్రవారం బడికి సెలవని నర్సింగరావు కూడా నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. రాధాబాయమ్మ రెండు ఆకుదొప్పలు తెచ్చి నా గది గడప అవతల పెట్టింది. రెండిట్లోనూ జొన్నరొట్టె ముక్కలు.

“నువ్వు రొట్టె మీద గింత పని చేస్తున్నవు గదా, నా రొట్టెకేం తక్కువని నేను గూడ పెట్టిన. ఒకటి వంటింట్ల పెట్టిన. ఇంకోటి నీ కోటు మొల కింద పెట్టిన. చూడు.”

వంటింటి ముక్క మీద పచ్చబూజు, అక్కడక్కడ నలుపు. కోటు కింది ముక్క నిండా నారింజ.

“నువ్వు తిరిగిన కాడ ఎర్రగయింది. నువ్వు రాని కాడ కాలేదు,” అందావిడ. “గా బూజు ఈడిది కాదు బిడ్డా. నీ ఎంబడి వచ్చింది.”

సుంకం ఉద్యోగి తుమ్మిన తుమ్ము కళ్ళముందు కదిలింది. ఆ కోటుతోనే రెండు బేకరీల్లోకీ వెళ్ళాను. ఆ కోటు చేతుల్తోనే ముక్కలు సర్దాను. అయినా ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక వాదించాను. వంటింట్లో పొయ్యి పొగ ఉంటుంది, పొగకి బూజు పట్టదేమో అన్నాను.

“పొగకైతే ఏ బూజూ రావద్దు గద. పచ్చది వచ్చెనాయె,” అంది.

నర్సింగరావు నవ్వు ఆపుకోవడానికి లేచి అవతలికి పోయాడు. నేను ఎం.ఎస్సీ. చదివాను. ఆవిడ బడి మొహం చూడలేదు. పోల్చి చూడటానికి నేను తిరగని చోట ఒక ముక్క విడిగా పెట్టాలన్న మొదటి పాఠం ఆవిడకు తోచింది, నాకు తోచలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, రాజమండ్రిలో నా ఉత్తరం ఎవరిచేతనో చదివించుకుని సంబరపడుతున్న మాస్టారు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అయినా పూర్తిగా నా బూజే అని చెప్పగలనా? చెప్పలేను. బేకరీలో ముందే వాళ్ళ బూజు ఉండి ఉండొచ్చు. రెండూ చూడ్డానికి ఒకటే. నల్లగింజ కట్టకపోతే అది నాదే కావచ్చు, లేదా వాళ్ళదీ నా తెగే కావచ్చు. ఎటునుంచి ఆలోచించినా తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవాణ్ణి. జతచేసి వారం దాటినా గింజ కట్టలేదు.

రాధాబాయమ్మ మాత్రం ఏ సందేహమూ పెట్టుకోలేదు. నా కోటు, చొక్కాలు, ధోవతులు, పెట్టెలోని తువ్వాలు సహా కాగులో వేసి సోడాతో ఉడికించింది. నా చేత తలంటు పోయించింది. కోటు ఉడికి జానెడు పొట్టిదైంది. చొక్కాలు వానకు ఆరలేదు. నర్సింగరావు తన షేర్వానీ ఇచ్చాడు. అతను నాకంటే బాగా పొడుగరి. అది నా మోకాళ్ళు దాటి కిందికి వచ్చింది.

మార్కెట్ వెనక

షేర్వానీ తొడుక్కున్న క్షణం నుంచి నాతో ఎవ్వరూ తెలుగు మాట్లాడలేదు. టాంగావాడు సలాం చేశాడు. పళ్ళ దుకాణంవాడు లేచి నిలబడ్డాడు. నేను తెలుగులో జవాబిస్తే పెద్ద ఉద్యోగి ఏదో పరీక్ష చేస్తున్నాడనుకుని ఇంకా బెదిరేవాళ్ళు.

పదకొండో రోజు, సన్నటి జల్లులో, చేసేదేమీ లేక మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిరుగుతున్నాను. వెనకవైపు ఒకామె బొగ్గుల కుంపటి మీద మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. వాళ్ళు మక్కబుట్టలంటారు. ఆమె పక్కన తినేసిన బెండ్లు, సగం మాడిన తొడుగులు కుప్పగా పడున్నాయి. ఆ తడిసిన కుప్ప మీద అక్కడక్కడ నారింజరంగు.

నేను ఆగిపోయి చూస్తుంటే ఆమె గబగబా చీపురు తీసింది.

“ఇప్పుడే ఎత్తేస్తున్న సాబ్. జర ఆగుండ్రి. జుర్మానా ఎయ్యకుండ్రి.”

“ఎత్తొద్దమ్మా, అది నాకు కావాలి,” అన్నాను.

షేర్వానీ తొడుక్కున్నవాడు చెత్త కావాలంటే ఎవరు నమ్ముతారు? జుర్మానాకి సాక్ష్యం కోసమే అడుగుతున్నానని ఆమె అనుకుంది. నేను గొంతు పెంచినకొద్దీ ఆమె చీపురు జోరు పెంచింది. కుప్ప అంచు కాలవలోకి జారింది. వాననీళ్ళలో నారింజపొడి చారలు కట్టి పోతోంది. మాస్టారి కన్ను ఆ కాలవలో పోతున్నట్టే అనిపించింది నాకు. ఏం చేయాలో తోచక, వెళ్ళి ఆ కుప్ప మీద కూర్చున్నాను.

ఆమె చీపురు ఆపేసింది.

“ఏంది సాబ్, తల తిరిగిందా? నీళ్ళియ్యాల్నా?”

కూర్చునే చెప్పుకున్నాను. నేను సర్కారు మనిషిని కాను, షేర్వానీ నాది కాదు, మా ఊళ్ళో మా మాస్టారికి చూపు పోతోంది, ఈ ఎర్రదాన్ని తీసుకెళ్ళి ఆయనకు చూపించాలి అని.

“కండ్లకు మందా?”

“మందు కాదు.”

“మరెందుకు?”

“చూపు పోకముందు చూడాలనుకుంటున్నారు.”

“గిదా?”

“అవును, ఇదే.”

ఆమె కుప్పను చూసింది, నన్ను చూసింది. “ఏం చూస్తరో ఏమో. లేవుండ్రి మరి, మీరు దాని మీదనే కూసున్నరు. మంచియి నేను ఏరిస్త,” అంది.

ఆమె పేరు మల్లమ్మ. నల్లగొండ దిక్కునుంచి కూలికి వచ్చి ఇక్కడ స్థిరపడిందట. మూడు బెండ్లు ఏరింది, మూడూ కుప్పలో వేరువేరు చోట్లవి. చేత్తో ముట్టకుండా కుంపటి పట్టకారుతో తీసి ఇచ్చింది. నేను అడగకుండానే ఇంకో సంగతి కూడా చెప్పింది.

“గిది వానకాలం ఎప్పటికీ వస్తది. కాలినయాటి మీదనే వస్తది. పచ్చి బుట్ట పారేస్తే దాని మీద రాదు. మా ఊర్ల గూడ గంతే, కాలబెట్టిన చెరుకు మోళ్ళ మీద వస్తది.”

పుస్తకంలో రొట్టెబూజు అని ఉంది కాబట్టి నేను రొట్టె చుట్టే తిరిగాను. అది రొట్టెను వెతుక్కుంటుందో నిప్పును వెతుక్కుంటుందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఒక కాల్చిన కంకి కూడా ఇచ్చింది మల్లమ్మ. డబ్బు తీసుకోనంది. నిమ్మకాయా ఉప్పూ రాసిన ఆ కంకి తింటూ జల్లులో నాంపల్లి దాకా నడిచాను. షేర్వానీ వెనకభాగం చూసి నర్సింగరావు, “ఫికర్ చేయకండి అన్నా, ఉతికితే పోతది,” అన్నాడు. పోలేదని తరవాత ఉత్తరంలో తెలిసింది.

రాజమండ్రి

తిరుగు ప్రయాణంలో నన్నెవరూ తనిఖీ చేయలేదు. దారిపొడుగునా నా అనుమానాలే నన్ను తనిఖీ చేశాయి. బట్టలు ఉడికాయి సరే, నా జుట్టో? నా గోళ్ళో? మూడు బెండ్ల మీదికీ నేనే మళ్ళీ మా ఊరి బూజును అంటించలేదని ఎవరు చెప్పగలరు?

మాస్టారు స్టేషనుకే వచ్చారు, కొడుకు చెయ్యి పట్టుకుని. నా ఉత్తరం అందిందన్నారు. పట్టాల పక్కనే నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. “ఆవిడ జొన్నరొట్టె రెండుచోట్ల పెట్టిందా!” అని మాత్రం రెండుసార్లు అన్నారు.

మూడు బెండ్ల బూజునూ మా బూజుతో జతచేసి పెట్టాం. రెండు గొట్టాల్లో ఏమీ లేదు. మూడోదానిలో, పన్నెండోరోజున, గాజు వెంబడి ఆవగింజ కంటే చిన్నవి, నల్లటి చుక్కలు కనిపించాయి. తెగ ఒక్కటే అయితే అవి కట్టవు. అంటే అందులో ఒకటి మాది, ఒకటి మల్లమ్మ కుంపటి పక్కది. ఇన్నాళ్ళలో నాకు నిస్సందేహంగా తెలిసింది అదొక్కటే.

గింజలు పూర్తిగా ముదిరేదాకా ఇంకో పదిరోజులు ఆగాం. ఈలోగా మాస్టారు మెట్లు తడుముకుంటూ దిగడం మొదలుపెట్టారు. నేను చూసి చూడనట్టు ఉండేవాణ్ణి.

ఒక పొద్దున, ఎండ బాగా ఉన్న కిటికీ దగ్గర, ఒక గింజను గాజుపలక మీద చిదిపి, మంచి సంచి ఒకటి సరిగ్గా సూక్ష్మదర్శిని కటకం నడుమకు తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టాను. ఆయన కన్ను ఆనించి చాలాసేపు చూశారు. మర తిప్పారు. మళ్ళీ తిప్పారు.

“నల్లటి గీత ఒకటి కనిపిస్తోంది,” అన్నారు. “విడివిడిగా లేవు. గీతే.”

ఆలస్యం నా వల్లే. నా కోటు తిన్న ఆ రోజులే మిగిలి ఉంటే ఆయన లెక్కపెట్టుకునేవారేమో. ఆ మాట పైకి అనేశాను కూడా.

“అదంతా ఎందుకోయ్. నువ్వు చూసి లెక్కచెప్పు. మెల్లిగా చెప్పు.”

చూశాను. ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాను. నేను అంకె చెప్పినప్పుడల్లా ఆయన బల్లమీద వేలితో ఒక చుక్క పెట్టారు. ఎనిమిది చుక్కలు, వరసగా.

“ఎనిమిదీ ఉన్నాయన్నమాట. మరి వాటిల్లో మన గోదావరివి ఏవి, హైదరాబాదువి ఏవి?”

మళ్ళీ కన్ను ఆనించి ఎంతసేపు చూసినా ఎనిమిదీ ఒక్కలాగే నల్లగా ఉన్నాయి.

“ఒక్కొక్కటీ విడదీసి పెంచితేగాని తెలియదు మాస్టారూ. చూస్తే తెలియదు.”

“నీకు కూడానా?”

“ఎవరికైనా అంతే మాస్టారూ.”

ఆయన నవ్వారు. ఆ ఏడాదిలో ఆయన అలా నవ్వడం నేను వినలేదు.

“అయితే దీని దగ్గర నీ చూపూ నా చూపూ ఒక్కటే. లే, ఆ విత్తనాలు విడదియ్యి,” అన్నారు.